చక్రం దగ్గర హోరు: బేరింగా, టైరా, మరింకేదైనానా?

కడప నుంచి అడిగిన మిత్రుడికి నమస్తే. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఐదేళ్ల పెట్రోలు కారు, 71,000 కి.మీ. తిరిగింది. వారానికోసారి ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి మీదుగా అనంతపురం వచ్చి వెళ్తారు. రెండు నెలలుగా స్పీడు 50 దాటితే ముందు ఎడమ వైపు నుంచి గుయ్యిమని హోరు వస్తోంది. అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేయించినా తగ్గలేదు. ఒక మెకానిక్ నాలుగు చక్రాల బేరింగులూ (చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే ఉక్కు గుండ్ల రింగులు) మార్చాలన్నారు, ఇంకొకరు గేర్‌బాక్సు దింపాలన్నారు. వచ్చే వారం ఇంట్లోవాళ్లతో శ్రీశైలం వెళ్లాలి, టెన్షన్‌గా ఉంది, ముందు ఏది చేయించాలి అని అడిగారు. చిట్టచివర ఇంకో లైను రాశారు: "పోయిన నెల వెనక ఎడమ చక్రానికి పంక్చర్ వేయించాక, నెమ్మదిగా పోతున్నప్పుడు అప్పుడప్పుడు టక్కుమంటోంది, అది పెద్ద విషయం కాదనుకుంటా."

నన్ను భయపెట్టింది ఆ చివరి లైనే. హోరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఇది చదవగానే కిందికి వెళ్లి ఆ చక్రం నట్లు చూడండి.

చక్రం విప్పి బిగించిన తర్వాత కొత్తగా మొదలైన ఏ శబ్దాన్నయినా, నట్లు చూసేదాకా నట్ల శబ్దమే అనుకోవాలి. నెమ్మదిగా పోతున్నప్పుడు టక్ టక్ అనడం, స్పీడు పెరిగితే తగ్గినట్టు అనిపించడం, బ్రేకు వేసినప్పుడో మలుపులోనో మళ్లీ వినిపించడం, ఇవన్నీ వదులైన చక్రం లక్షణాలు. స్పీడు పెరిగాక శబ్దం తగ్గితే సర్దుకుందిలే అనుకుంటారు. సర్దుకోవడం కాదు, ఇంజిను, గాలి, రోడ్డు హోరులో అది కలిసిపోయిందంతే.

ఇలాంటి కారు ఒకటి కొన్నేళ్ల కిందట గుత్తి వైపు నుంచి మా షెడ్డుకు వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. దారిలో ఎక్కడో పంక్చర్ వేయించుకున్నారట. షాకప్పు పోయినట్టుంది చూడమన్నారు. వీల్ కప్పు లాగితే ఒక నట్టు దాంట్లోంచి రాలి కింద పడింది. మిగతావి వేళ్లతోనే తిరిగాయి. చక్రం విప్పాక రిమ్ములో బోల్టు పట్టే రంధ్రాలు చూశాను. గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. అంచున ఇనుము వెండిలా మెరుస్తోంది, కింద నల్లటి పొడి. హైవే మీద 80లో వచ్చారు వాళ్లు. ఆ రిమ్ము మళ్లీ వాడనివ్వలేదు, బోల్టులూ మార్చాను. పిల్లలు మాత్రం ఇవేవీ పట్టకుండా షెడ్డులో పాత టైర్ల మీద ఎక్కి ఆడుకుంటున్నారు. ఆ రోజు నుంచి ఎవరు ఏ శబ్దమని వచ్చినా నా చేతిలోకి మొదట వచ్చేది వీల్ స్పానరే.

చూడటం కష్టమేమీ కాదు. చదునైన చోట కారు నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వీల్ కప్పు తీసి, డిక్కీలో ఉన్న స్పానర్‌తో ఒక్కో నట్టూ బిగించి చూడండి. పక్కపక్కవి కాదు, ఒకటి బిగించాక దాని ఎదురుగా ఉన్నది. మామూలు చిన్న కార్లకు ఈ బిగింపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారుకు ఎంతో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ అంకె చేతికి ఎలా తెలుస్తుందంటే, పావు మీటరు పొడవున్న స్పానర్ చివర సుమారు 40 కిలోల బరువు వేలాడదీసినంత. స్పానర్ మీదికెక్కి తొక్కడం వద్దు. అలా తొక్కితే బోల్టు సాగుతుంది, సాగిన బోల్టు ఏదో ఒక రోజు తెగుతుంది. చక్రం గాల్లో ఉన్నప్పుడు కొంత బిగించి, నేలకు దించాకే పూర్తిగా బిగించాలి. చక్రం విప్పిన ప్రతిసారీ 50, 100 కి.మీ. తిరిగాక మరోసారి చూసుకోవాలి. నట్టు ఒక్క పావు చుట్టు తిరిగినా సరే, ఆ చక్రం విప్పించి రంధ్రాలు, బోల్టులు చూపించండి.

నట్లన్నీ గట్టిగానే ఉంటే ఆ టక్కుకు ఇంకో చిన్న కారణం ఉండొచ్చు, టైరు గాడిలో ఇరుక్కున్న రాయి. దీన్ని లెక్కతో పట్టుకోవచ్చు. చిన్న కారు టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 1.9 మీటర్లు పోతుంది. అంటే 20 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు మూడు చుట్లు. శబ్దం కూడా సెకనుకు మూడుసార్లే వస్తే, చక్రం మీద ఒకే చోట ఏదో తగులుతోందని అర్థం. ఆ రాయిని స్క్రూడ్రైవర్‌తో తీసేయండి. మేకులాంటిది కనిపిస్తే మాత్రం అక్కడే పీకొద్దు, పంక్చర్ షాపు దాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఇక హోరు సంగతి.

మీరు పెట్టిన ఫోన్ రికార్డింగు విన్నాను. దాన్నిబట్టి ఏదీ తేల్చలేను. క్యాబిన్ లోపల ఫోనులో అన్ని హోరులూ ఒకేలా ఉంటాయి. శబ్దం ఎలా ఉందన్నదానికన్నా, ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నదే నాకు ముఖ్యం. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. స్పీడు మారిస్తే ఏమైంది, గేరు తీసేస్తే ఏమైంది, స్టీరింగు తిప్పితే ఏమైంది, రోడ్డు మారితే ఏమైంది. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తీసుకొని షెడ్డుకు వెళ్తే ఏ మెకానిక్కూ మీ చేత అనవసరంగా ఖర్చు పెట్టించలేడు. మంచి మెకానిక్ అయితే పని సులువైందని సంతోషిస్తాడు.

మీ రాతలోనే రెండు జవాబులు ఉన్నాయి. "క్లచ్చు తొక్కిపట్టి ఉంచినా హోరు అలాగే ఉంది" అన్నారు. అంటే ఇంజినుతో సంబంధం లేదు. గేర్‌బాక్సులో బేరింగు పోతే మామూలుగా గేరును బట్టి, యాక్సిలరేటర్ తొక్కడం వదలడాన్ని బట్టి శబ్దం మారుతుంది. మీకు ఏ గేరులోనైనా ఒకేలా ఉండి, కారు స్పీడుతో మాత్రమే పెరుగుతోంది. కాబట్టి గేర్‌బాక్సు దింపాలన్న మాటను ఇప్పటికి పక్కన పెట్టేయండి. ఒక జాగ్రత్త: క్లచ్చు తొక్కడం, న్యూట్రల్ చేయడం తిన్నగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీదే చేయాలి. ఇంజిను ఆపకూడదు. ఘాటు దిగేటప్పుడైతే అసలే వద్దు.

రెండోది ఇంకా విలువైన మాట. "తాడిపత్రి దగ్గర కొత్తగా తారు వేసిన చోట హోరు బాగా తగ్గుతుంది, సిమెంటు రోడ్డు ఎక్కగానే పెరుగుతుంది" అన్నారు. బేరింగుకు కింద తారుందో సిమెంటుందో పట్టదు. అది పోతే నున్నటి రోడ్డు మీద ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, ఎందుకంటే దాన్ని కప్పేసే రోడ్డు శబ్దం అక్కడ తక్కువ. రోడ్డు మారగానే గొంతు మార్చేది టైరు. అందుకే బేరింగుకన్నా ముందు నా అనుమానం టైర్ల మీదికే పోతోంది.

అలైన్‌మెంటు చేయించినా తగ్గలేదు కదా అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. చక్రాల మొహం కాస్త లోపలికో బయటికో తిరిగి ఉంటే టైరు రోడ్డు మీద దొర్లడంతోపాటు కొద్దికొద్దిగా పక్కకు ఈడ్చుకుపోతుంది. అలా వేల కిలోమీటర్లు పోయేసరికి ట్రెడ్ (టైరులో రోడ్డును తాకే గాడుల భాగం) గడుల అంచులు ఒకవైపు నున్నగా, ఇంకోవైపు కోసుగా రంపం పళ్లలా తయారవుతాయి. ఆ పళ్లు రోడ్డును వరసగా కొడుతుంటే పుట్టేదే ఆ గుయ్యి. అలైన్‌మెంటు చేస్తే అరుగుదల ఆగుతుంది కానీ, అప్పటికే ఏర్పడిన పళ్లు ఎక్కడికీ పోవు. కాబట్టి అలైన్‌మెంటు తర్వాత శబ్దం తగ్గకపోతే బేరింగే పోయిందని కాదు, టైరు అప్పటికే అలా అరిగిపోయి ఉండొచ్చు.

ఈ పాఠం నేను ఒకరి డబ్బుతో నేర్చుకున్నాను. షెడ్డు పెట్టిన కొత్తలో ధర్మవరం నుంచి ఒక టీచరుగారు ఇదే హోరుతో వచ్చారు. ఒక రౌండు నడిపి, చెవిని నమ్మి, ముందు బేరింగులు రెండూ మార్చాను. డబ్బు తీసుకున్నాను. మరుసటి రోజు ఆయన తిరిగొచ్చి, "శబ్దం అలాగే ఉంది నాయనా" అని మెల్లగా అన్నారు, కోప్పడలేదు. అప్పుడు ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి మళ్లీ తిప్పితే హోరు వెనక సీటు కింది నుంచి వచ్చింది. మజూరీ తిరిగిచ్చేశాను కానీ, బాగున్న బేరింగులను కొట్టి తీశానన్న బాధ చాలా రోజులు ఉండిపోయింది. అప్పటి నుంచి హోరని ఎవరొచ్చినా ముందు టైరు మీద చెయ్యి పెట్టకుండా బేరింగు మాట ఎత్తను.

మీరూ చెయ్యి పెట్టి చూడండి. ముందుగా టైరును గుడ్డతో తుడిచి, రబ్బరు లోపలి ఇనుప వైరు తేలిందా, మేకులు, గాజుముక్కలు ఉన్నాయా చూసుకోండి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఆపితే ముందు టైరు ముఖం బయటికి కనిపిస్తుంది. అరచేతిని ట్రెడ్ మీద బయటి అంచు నుంచి లోపలి అంచుకు జరపండి, మళ్లీ లోపలి నుంచి బయటికి. ఒకవైపు చెయ్యి నున్నగా జారి, ఇంకోవైపు గీరుకుంటే అది పక్కవాటు అరుగుదల. తర్వాత టైరు తిరిగే దిశలో ముందుకొకసారి, వెనక్కొకసారి జరపండి. పిల్లిని తల నుంచి తోకకు నిమిరినట్టు ఒకవైపు మెత్తగా, ఎదురు నిమిరినట్టు ఇంకోవైపు గరుగ్గా ఉంటే గడుల అంచులు లేచాయన్నమాట. టైరు చుట్టూ ఎత్తుపల్లాలు, గుంతలు గుంతలుగా చేతికి తగిలితే షాకప్పులు బలహీనపడి చక్రం రోడ్డు మీద ఎగురుతూ పోతోందని అనుమానించాలి. అప్పుడు టైరు మార్చినా, షాకప్పు మార్చకపోతే కొత్త టైరుకూ అదే గతి.

వెనక టైర్లను వదలొద్దు. ముందు చక్రాలు లాగే కార్లలో వెనక టైర్లకు పెద్దగా పని ఉండదు, అవి మెల్లగా అరుగుతూ ఎవరూ చూడకుండానే రంపం పళ్లు తేలుస్తాయి. వెనక నుంచి వచ్చే హోరు కూడా డ్రైవరుకు ఒక్కోసారి ముందు నుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. పని అంతా అయ్యాక, అదే పక్కన ముందుది వెనక్కి, వెనకది ముందుకి మార్పించి అదే రోడ్డు మీద, అదే స్పీడులో పోయి చూడండి. హోరు చోటు మారినా, గొంతు మారినా టైరే. ఏమీ మారకపోతే బేరింగు వైపు నడవాలి. ఈ పరీక్షకు టైర్ల షాపులో అరగంట పని చాలు.

టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి, అవీ చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మన రాయలసీమ ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. ట్రెడ్ బాగానే ఉన్నట్టు కనిపించినా గట్టిపడిన టైరు కొత్తదానికన్నా ఎక్కువ మోగుతుంది, బ్రేకు వేస్తే పట్టు కూడా తక్కువ. పక్కగోడ మీద పగుళ్లుంటే శబ్దం సంగతి అటుంచి ముందు దాన్ని మార్చేయండి. ట్రెడ్ లోతు 1.6 మి.మీ.కు దిగితే టైరు పని అయిపోయినట్టే. గాడుల మధ్య చిన్న గుర్తు దిమ్మెలు దానికోసమే ఉంటాయి.

టైర్లు మార్చి చూసినా హోరు ఎడమ ముందే ఉందనుకుందాం. అప్పుడు బేరింగు. దీన్ని రెండు రకాలుగా చూస్తాను.

మొదటిది రోడ్డు మీద. ఖాళీ రోడ్డులో 60 దగ్గర నిలకడగా పోతూ స్టీరింగును కొద్దిగా కుడికి, తర్వాత కొద్దిగా ఎడమకు ఊపండి. లేన్ మారినంత చాలు, అంతకన్నా వద్దు. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగి, ఎడమకు తిప్పితే తగ్గితే ఎడమ బేరింగు మీద అనుమానం బలపడుతుంది. ఇప్పటి బేరింగులో గుండ్లు రెండు వరసల్లో ఉంటాయి కాబట్టి ఏ వరస పోయిందన్నదాన్ని బట్టి ఒక్కోసారి తిరగబడి కూడా వినిపిస్తుంది. అందుకే ఇది దారి చూపేదే, తీర్పు మాత్రం రెండో పరీక్షది.

రెండోది జాకీ మీద. గట్టి నేల ఉండాలి. ఇంటి ముందు నున్నటి బండల పరుపు మీద జాకీ జారుతుంది, అక్కడ పెట్టొద్దు. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు, హ్యాండ్ బ్రేకు, గేరు న్యూట్రల్. ఎత్తాక స్టెపినీని కారు పక్కపట్టీ కింద తోసి ఉంచండి, జాకీ జారినా కారు నేలకు కొట్టుకోదు. ఒళ్లు కారు కిందికి పోకూడదు. ఇప్పుడు ఒక చెయ్యి షాకప్పు మీది స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పండి. స్ప్రింగు చుట్ల మధ్య వేళ్లు దూర్చకుండా పైపైన ఆనిస్తే చాలు. బాగున్న బేరింగైతే చేతికి ఏమీ తెలియదు. పోయిన బేరింగైతే చక్కెర పలుకులు నలుగుతున్నట్టు సన్నటి గరగర స్ప్రింగులోంచి వేళ్లకు ఎక్కుతుంది. చెవికన్నా చెయ్యి ఇక్కడ నమ్మకమైంది. బ్రేకు ప్యాడ్లు కాస్త రాసుకునే శబ్దం ఉంటుంది, అది చెవికి వినిపిస్తుంది కానీ స్ప్రింగు మీది చేతికి ఇలా తగలదు. పోల్చడానికి కుడి చక్రం కూడా ఇలాగే చూడండి. రెండింటికీ తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

అదే ఎత్తులో చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపండి. లూజు ఉంటే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. తొక్కగానే లూజు పోతే అది బేరింగుది. బ్రేకు తొక్కినా ఆడుతుంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటుది. ఎడమ, కుడి అంచులు పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే ఆడితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండు. లూజు లేదు కాబట్టి బేరింగు బాగుందని మాత్రం అనుకోవద్దు. ఇప్పటి సీల్డ్ బేరింగులు లూజు రాకముందే నెలల తరబడి మోగుతాయి.

బేరింగు పోయిందని తేలితే పోయినదొక్కటే మార్చించండి. నాలుగూ మార్చాల్సిన పని లేదు, ఈ విషయంలో మొహమాటపడొద్దు. మార్చే పద్ధతి మాత్రం దగ్గరుండి చూడండి. హబ్బును (చక్రం బిగించే మధ్య దిమ్మె), బేరింగును సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోతుంది, గుండ్లు నడిచే దారిలో కంటికి కనిపించని గుంటలు పడతాయి, కొన్ని నెలలకే మళ్లీ హోరు. ప్రెస్సు ఉన్న చోటే ఎక్కించాలి, షెడ్డులో లేకపోతే లేత్ వర్క్స్‌కు పంపించాలి. నకిల్‌లోకి (బేరింగు కూర్చునే ఇనుప దిమ్మె) దింపేటప్పుడు బేరింగు బయటి రింగును మాత్రమే నొక్కాలి, హబ్బు ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు ఆనింపు ఇవ్వాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బేరింగు ఒక ముఖాన సెన్సర్ చదివే అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సర్ వైపే రావాలి. తిరగేసి ఎక్కిస్తే డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ విప్పితే కొత్త బేరింగు పాడైనట్టే. యాక్సిల్ నట్టు కొత్తది వేయించండి, బిగింపు మాన్యువల్ అంకె ప్రకారమే ఉండాలి. అది బిగించకుండా చక్రం మీద బరువు వేసి కారును ముందుకు నెట్టడం కూడా బేరింగుకు హానే.

పాత బేరింగు అడిగి తీసుకొని చూడండి. ప్రెస్సులో హబ్బు బయటికొచ్చాక లోపలి దారి కనిపిస్తుంది. అద్దంలా మెరవాల్సిన ఆ ఉక్కు మీద అమ్మవారు పోసినట్టు సన్నసన్నటి గుంటలు ఉంటాయి. తేనె రంగులో జిగటగా ఉండాల్సిన గ్రీజు ఇటుక రంగుకు తిరిగి ఉంటే సీలు దాటి నీళ్లు పోయాయని అర్థం. వానాకాలంలో వంకలు పారేటప్పుడు చక్రం మునిగేంత నీళ్లలోంచి దాటించిన కార్లలో ఇది ఎక్కువ చూస్తాను. వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి ముడుచుకొని సీలు అంచు గుండా నీటిని లాక్కుంటుంది. గుంతలో గట్టిగా పడటం, ఫుట్‌పాత్ రాయిని గుద్దుకోవడం మిగతా కారణాలు.

మీరు తిరిగే దారిలోనే దొరికే ఇంకో శబ్దం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది జనాన్ని ఊరికే హడలగొడుతుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు లారీలు, కంకర టిప్పర్లు, బండల లారీలు తిరిగే రోడ్ల మీద చిన్న చిన్న రాళ్లు ఉంటాయి. ఒక్కోసారి బఠానీ గింజంత రాయి ఎగిరి బ్రేకు డిస్కుకూ దాని వెనక ఉండే రేకుకూ మధ్య ఇరుక్కుంటుంది. ఇనుమును రంపంతో కోస్తున్నట్టు భయంకరమైన కీచు. బ్రేకు తొక్కినా ఆగదు, వదిలినా ఆగదు. ఇలా మొదలైతే పక్కన నిలిపి, మెల్లగా కొంత వెనక్కి, కొంత ముందుకి రెండు మూడుసార్లు నడపండి, చాలాసార్లు రాయి దానంతటదే రాలిపోతుంది. రాలకపోతే డిస్కు చల్లారాక చక్రం విప్పి, ఆ రేకును కొద్దిగా వంచి తీయాలి. బ్రేకు మొత్తం పోయిందని చెప్పి ఎవరైనా పెద్ద లెక్క వేస్తే, ముందు రేకు వెనక చూడమనండి.

బ్రేకు ప్యాడ్ల కీచు వేరు. ప్యాడు 3 మి.మీ.కు దగ్గరైతే దానికున్న చిన్న రేకు డిస్కును గీరి సన్నగా ఈలలాంటి శబ్దం చేస్తుంది, మార్చమని చెప్పడానికే అది. దాన్ని వదిలేస్తే గరగరమనే మోత వస్తుంది, అప్పటికి ప్యాడు వెనక ఇనుము డిస్కును తినేస్తున్నట్టు. వాన పడిన మరుసటి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే బరబర మాత్రం డిస్కు మీద పట్టిన పైపై తుప్పే, దానికి భయపడొద్దు.

స్టీరింగు పూర్తిగా తిప్పి యూ టర్న్ తీసుకునేటప్పుడు మాత్రమే కటకటమంటే డ్రైవ్ షాఫ్టు బయటి జాయింటు. రబ్బరు బూటు చినిగి, రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంటుంది. చినిగిన వెంటనే చూస్తే బూటు, గ్రీజుతో పోతుంది, ఆలస్యమైతే జాయింటే మార్చాలి. గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు లొడలొడలాడితే మొదట లింకు రాడ్లు, తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు చూపించండి.

ఇప్పుడు శ్రీశైలం. దోర్నాల నుంచి నల్లమల ఘాటు మలుపులతో ఎక్కడం దిగడం, అడవిలో చాలా దూరం ఫోను సిగ్నల్ కూడా దొరకదు. మలుపు మలుపుకూ బరువంతా ఒక పక్క చక్రాల మీద పడుతుంది. పాడైన బేరింగు, వదులైన నట్టు తట్టుకోలేనిది సరిగ్గా అదే. అందుకని ఈ వరసలో చేయండి. ఈ రోజే నట్లు. రేపు పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి మాన్యువల్ ప్రకారం పెట్టించి, చేత్తో ట్రెడ్ చూడటం. ఈ వారంలోపు టైర్లు ముందు వెనక మార్పించి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు మొదలయ్యేదాకా ఒకసారి పోయి రావడం, ఘాటు ఎక్కకుండా. తిరిగొచ్చాక నాలుగు రిమ్ముల మధ్యభాగం దగ్గర అరచెయ్యి పెట్టి వేడి పోల్చండి, ముట్టుకోకుండా కొద్ది దూరంలో. ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా బాగా మాడుతుంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు లేదా బేరింగు కావచ్చు, ఆ కారుతో ఘాటు వద్దు.

హోరు టైరుదే అని తేలి, టైర్లలో పగుళ్లు, ఉబ్బులు, తేలిన వైరు లేకపోతే, ట్రెడ్ సరిపడా ఉంటే ఆ హోరుతోనే నిశ్చింతగా వెళ్లి రండి, వచ్చాక టైర్లు మార్చుకోవచ్చు. స్ప్రింగు మీద చేతికి గరగర తగిలితే బేరింగు మార్చాకే బయల్దేరండి. సన్నగా మోగే బేరింగు కొన్ని వేల కిలోమీటర్లు లాగిన కార్లు నేను చూశాను, వారం రోజుల్లో పూర్తిగా లూజైనవీ చూశాను. మీది ఏ రకమో ముందుగా చెప్పడం ఎవరి వల్లా కాదు. పని తెమలకపోతే బస్సులో వెళ్లండి, దర్శనం ఎలాగూ అవుతుంది.

నట్లు బిగించి చూశాక ఎన్ని తిరిగాయో, ఏ చక్రానివో ఇక్కడే రాయండి. ఎడమ, కుడి స్ప్రింగుల మీద చేతికి ఏం తెలిసిందో కూడా. దాన్నిబట్టి తర్వాత ఏం చేయించాలో చెప్తాను.